ఓపీలో ముందు చెప్పులు విప్పించండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం ఆరోగ్యం పేజీ మా అంగట్లో ముగ్గురి చేతులు మారుతుంది. నేను, మా దగ్గర రిపేర్లు చేసే పెద్దాయన, పక్కన టీ కొట్టు పిల్లవాడు. మోకాళ్ల మీద రాశారు, నడుము మీద రాశారు, మెడ మీద రాశారు, షుగరు మీదయితే చెప్పనే అక్కర్లేదు. పాదాల కీళ్ల మీద మాత్రం ఒక్క ముక్క కూడా నా కంటపడలేదు. తిరుపతిలో లీలామహల్ సర్కిల్‌కు దగ్గర్లో మా నాయన పెట్టిన చెప్పుల అంగడి నాది. మొహాలు మర్చిపోతాను గానీ పాదాలు మర్చిపోను. కాలు వాస్తే జనం ఆస్పత్రికంటే ముందు నా దగ్గరికే వస్తారు. ‘మెత్తటివి ఏమన్నా ఉంటే చూపించన్నా’ అంటారు. అమ్ముతాను, నా వ్యాపారమే అది. కానీ వచ్చినవాళ్లలో కొందరికి కావాల్సింది చెప్పులు కాదు, డాక్టరు. ఆ సంగతి తేలేలోపు నెలలు గడిచిపోతున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

మా ఊళ్లో ఒక వెసులుబాటు ఉంది. కాలికి ఏ నొప్పి వచ్చినా కొండ మీదికి నెట్టేయొచ్చు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఎక్కినాక పిక్కలు పట్టేస్తాయి, తొడలు లాగుతాయి, మరునాడు మంచం దిగాలంటే అబ్బా అనిపిస్తుంది. నాలుగు రోజుల్లో పోయే నొప్పి అది. అలా పోకుండా కాలి వేళ్ల మొదళ్లలోనో చీలమండలోనో వాపు వారాల తరబడి నిలబడిపోతే దానికి మెట్లను తిట్టి లాభం లేదు. కొండ కాకపోతే చికున్‌గున్యా. 2006లో ఆ జ్వరం రాయలసీమలో తిరిగినప్పుడు చీలమండలు వాచి గోడలు పట్టుకుని నడిచినవాళ్లను నేనూ చూశాను. కొందరికి నెలల తరబడి తగ్గలేదు, నిజమే. కానీ నిన్న మొన్న కొత్తగా మొదలైన వాపును కూడా అప్పటి జ్వరం ఖాతాలో రాసేస్తే ఎట్లా? ఈ రెండూ కుదరకపోతే మూడోది ఎట్లాగూ ఉంది, వయసు. ముప్ఫై అయిదేళ్ల మనిషికి కూడా ‘వయసు మీద పడుతోంది కదా’ అని చెప్పే ఇరుగుపొరుగు మనకు తక్కువా?

ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. ఇన్ని కీళ్లున్నచోట ఒకే రకం జబ్బు రావాలని లేదు. అన్నిటికీ ఒకే నూనె, ఒకే మాత్ర, ఒకే మెత్తటి చెప్పు పనిచేయకపోవడానికి కారణం అదే.

పాత చెప్పు తిప్పి చూసి ఎక్కడ నొస్తోందో చెప్పడం మా నాయనకు అలవాటు. నాకూ అదే అబ్బింది. మామూలు మనిషి చెప్పు మడమ దగ్గర వెలుపలి అంచున ముందు అరుగుతుంది. బొటనవేలి మొదట్లో కీలు అరిగినవాళ్లది వేరుగా ఉంటుంది. అడుగు ముందుకు పడాలంటే ఆ వేలు పైకి వంగాలి. వంగితే నొప్పి, అందుకని పాదాన్ని పక్కకు వాల్చి చిటికెనవేలి వైపు నుంచి లేపుతారు. సోలు ఆ వైపే పల్చబడిపోతుంది. కీలు పైన ఎముక బొడిపెలా పెరిగి షూ తోలుకు రాసుకుంటుంది. మెట్లెక్కడం, గొంతుక్కూర్చోవడం, నమాజులో వేళ్లు మడిచి కూర్చోవడం, అన్నీ కష్టమే. ఆర్టీసీలో చేసి రిటైరయిన కండక్టర్లలో, గాంధీ రోడ్డు బట్టల అంగళ్లలో పొద్దంతా నిలబడేవాళ్లలో ఈ పాదం తరచూ చూస్తాను. ఇంకొందరికి పాదం పైభాగంలో, షూ లేసు ముడి వచ్చేచోట గట్టిగా ఉబ్బుతుంది. అది నడిపాదం కీళ్ల అరుగుదల. చీలమండ సంగతి వేరే. అది ఊరికే అరగడం తక్కువ. ఎప్పుడో బండి మీద నుంచి పడి విరిగిన చీలమండే పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత లెక్క అడుగుతుంది. ‘అప్పుడే మానిపోయిందిగా’ అంటారు. ఎముక అతుక్కుంటుంది, కీలు లోపల నున్నదనం మాత్రం అప్పటిలా ఉండదు.

ఈ అరుగుదల నొప్పికి ఒక గుణం ఉంది. నడిస్తే ఎక్కువ, కూర్చుంటే తక్కువ. పొద్దున లేచినప్పుడు బిగుసుకుని ఉన్నా అరగంట లోపే సడలుతుంది. దీనికి చెప్పులతో, బరువు తగ్గడంతో, ఫిజియోథెరపీతో చాలా దూరం నెట్టుకు రావచ్చు. మరీ భరించలేని స్థితికి వస్తే బొటనవేలి కీలును అతికించేసే ఆపరేషన్ ఉంది. వేలు వంగదు గానీ నొప్పి పోతుంది, నడక బాగానే ఉంటుంది. అది చేయించుకుని మళ్లీ కొండెక్కిన ఖాతాదారు నాకున్నాడు.

ఇక రాత్రికి రాత్రి వచ్చే రకం. ఒక పొద్దున నేను షట్టర్ ఎత్తకముందే ఒకాయన ఆటోలో వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. మెస్సు నడుపుతాడు. కుడికాలి చెప్పుకు బొటనవేలు పట్టీని బ్లేడుతో కోసేసుకుని ఉన్నాడు. వేలి మొదలు ఎర్రగా, నున్నగా, మెరుస్తూ ఉంది. రాత్రి పడుకునేటప్పుడు ఏమీ లేదట, రెండు గంటలకు మెలకువ వచ్చేసరికి దుప్పటి తగిలినా ప్రాణం పోతోందట. ‘సామీ, కుడికాలికి మాత్రం రెండు నంబర్లు పెద్దది ఇయ్యి, ఎడమది పాతదే వేసుకుంటా’ అన్నాడు. అది గౌట్. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సూదుల్లాంటి స్ఫటికాలుగా కీలులో పేరుకుంటే వచ్చే మంట అది. ఎక్కువగా బొటనవేలినే పడుతుంది. ఆయన ఎవరో చెప్పారని కందిపప్పు మానేశాడు. బీరు మానలేదు, తలకాయ మాంసం, బోటీ, కార్జం మానలేదు. మెస్సు ఆయనదే కదా, వద్దనేవాళ్లు ఎవరు? పప్పు వల్ల గౌట్ ముదరడం చాలా తక్కువ అని డాక్టర్లు చెప్తున్నా మన ఇళ్లలో ముందు బలయ్యేది పప్పు గిన్నే. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్లలో కూడా యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి గానీ మాత్ర సొంతంగా ఆపకూడదు.

గౌట్‌లో జనం బోల్తా పడేది రక్త పరీక్ష దగ్గర. నొప్పి జోరుగా ఉన్నప్పుడు యూరిక్ యాసిడ్ మామూలుగానే చూపించవచ్చు. ‘రిపోర్టు నార్మల్ అన్నా, ఏం లేదంట’ అని వస్తారు. తగ్గాక రెండు మూడు వారాలకు మళ్లీ చూడాలి. రెండో బోల్తా మందు దగ్గర. నొప్పి తగ్గించే మందు వేరు, యూరిక్ యాసిడ్‌ను 6 కంటే కిందికి దింపి అక్కడే పట్టి ఉంచే మందు వేరు. రెండోది నొప్పి లేని రోజుల్లో కూడా మింగాలి. మన వాళ్లు నొప్పి పోగానే రెండూ ఆపేస్తారు. మెస్సు ఆయన కూడా ఆపేశాడు, మళ్లీ వచ్చింది, ఈసారి చీలమండకు. ఇప్పుడు వాడుతున్నాడు లెండి. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఇలాగే కీలు ఎర్రగా కాలిపోతూ, దాంతోపాటు చలి జ్వరం ఉంటే అది గౌట్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. కీలులో చీము పట్టినా అలాగే కనిపిస్తుంది. ఆ రోజే ఆస్పత్రికి పోవాలి, మరునాటి దాకా ఆగకూడదు.

మా అక్క కథ కొంచెం పెద్దది. అయినా చెప్తాను, ఈ ఉత్తరానికి అసలు కారణం ఆమే. ఆమెది చిత్తూరు దాటి గుడిపాల వైపు ఒక పల్లె, అంగన్‌వాడీలో పని. నలభై దాటిన కొత్తలో మొదలైంది. నడిస్తే చెప్పులో గులకరాయి ఉన్నట్టుంది అనేది. చెప్పు విప్పి దులుపుకునేది, ఏమీ ఉండదు. రెండు కాళ్లకూ వేళ్ల మొదళ్ల కింద, అరికాలి ముందు భాగంలో అదే బాధ. పొద్దున మంచం దిగి మొదటి అడుగులు గోడ పట్టుకునే. వాకిట్లో ముగ్గు కోడలికి అప్పగించింది. వంటయి, స్నానమయి, అంగన్‌వాడీకి పిల్లలు వచ్చే వేళకు గానీ కాళ్లు స్వాధీనంలోకి రావు. ఒక పండక్కి వచ్చినప్పుడు చూశాను, మెట్టెలు చర్మంలో దిగబడిపోయి ఉన్నాయి. తీద్దామంటే రావు. సబ్బు నీళ్లు, కొబ్బరినూనె, దారం చుట్టి లాగడం, అన్నీ అయ్యాయి. చివరికి బావే చిత్తూరు బజారులో ఆచారి దగ్గరికి తీసుకుపోయి కత్తిరించి తీయించాడు. అక్క ఆ రోజంతా అన్నం తినలేదు. మెట్టెలు తీయడం అంటే మన ఆడవాళ్లకు ఎంత పట్టింపో తెలిసిందే. ఆ పట్టింపుతోనే చాలామంది వేలు నల్లబడే దాకా ఓర్చుకుంటారు. ఉన్నట్టుండి రెండు కాళ్లకూ మెట్టెలు బిగుసుకుపోతే ఒళ్లు వచ్చిందని సరిపెట్టుకోవద్దు.

ఈలోపు ఆమె దగ్గర్లోని ఒక క్లినిక్‌కు పోతూనే ఉంది. పేరు రాయను, అలాంటివి ప్రతి మండలంలో ఉన్నాయి. ఒక ఇంజక్షన్, కాగితం పొట్లంలో పేరు లేని మాత్రలు. వేసుకున్న రెండో రోజే కాళ్లు తేలికయ్యేవి. పొట్లం అయిపోగానే మళ్లీ మామూలే. ‘ఆయన చేతి మహిమ రా’ అనేది నాతో. చేతి మహిమ కాదు, స్టెరాయిడ్. మొహం గుండ్రంగా ఉబ్బింది, లేని షుగరు కనిపించింది. నాటు మందు పేరుతో సంతల్లో అమ్మే నల్ల గుళికల్లో, పొడుల్లో కూడా ఇదే కలిపి అమ్మే మోసగాళ్లున్నారు. స్టెరాయిడ్ చెడ్డ మందని కాదు నేనంటున్నది. డాక్టరు చూసి, మోతాదు లెక్కగట్టి, కొన్నాళ్లు ఇస్తే అది పనికొచ్చే మందే. ఏమి మింగుతున్నామో తెలియకుండా నెలల తరబడి మింగడమే ప్రమాదం. అలా వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపేయడం ఇంకా ప్రమాదం. పొట్లం పారేయకుండా డాక్టరుకు తీసుకుపోయి చూపించాలి, మెల్లగా తగ్గిస్తూ ఆపాలి.

చిత్తూరు వాళ్లకు వేలూరు పక్కూరి లెక్క. అక్కడి సీఎంసీ ఆస్పత్రిలో కీళ్లవాతానికి ప్రత్యేకంగా రుమటాలజీ విభాగం ఉంది. అక్కడ చూసిన డాక్టరమ్మ మొదట చేసిన పని అక్కను చెప్పులు విప్పమనడం. పాదం ముందు భాగాన్ని రెండు పక్కల నుంచి చేత్తో పట్టి మెల్లగా నొక్కింది. అక్క కెవ్వుమంది. రెండో పాదం, అదే కేక. చేతులకూ పాదాలకూ ఎక్స్‌రేలు తీయించింది. చేతుల్లో ఏమీ లేదు. పాదంలో చిటికెనవేలి మొదట ఎముక అంచు కొరుక్కుపోయినట్టు కనిపించింది. రుమటాయిడ్ కీళ్లవాతం చాలామందిలో అలా పాదంలోనే ముందు తన గుర్తు వేస్తుందట. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్త పరీక్ష అంతకుముందే ఎవరో చేయించి, అందులో లేదు కాబట్టి వాతం కాదని పంపేశారు. అది నెగటివ్ వచ్చినా ఈ జబ్బు ఉండొచ్చు, పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఉన్నట్టూ కాదు. యాంటీ సీసీపీ అని ఇంకో పరీక్షలో అక్కది బయటపడింది.

ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే దారి తప్పి సొంత కీళ్ల పొర మీద పడటం ఈ జబ్బు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మొదటి నెలల్లోనే మందు పడితే ఎముక దెబ్బతినకుండా ఆపొచ్చు, ఆలస్యమైతే పోయిన ఎముక తిరిగి రాదు. బొటనవేలు పక్కకు ఒరిగిపోవడం, మిగతా వేళ్లు పక్షి గోళ్లలా వంగి పైకి లేవడం, అరికాలి కింద ఎముకలు తగులుతూ ఆనెకాయలు కట్టడం, ఇవన్నీ ఆలస్యం తెచ్చిపెట్టేవే. అలాంటి పాదానికి సరిపోయే చెప్పు ఏ కంపెనీ తయారుచేయదు. నేను కొలిచి చేయించి ఇస్తుంటాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

అక్కకు మెథోట్రెక్సేట్ రాశారు. ఈ మందు వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. అలా పొరపాటున రోజూ మింగి ఐసీయూలో పడినవాళ్లు ఉన్నారని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పి, చీటీ మీద ‘ఆదివారం’ అని తెలుగులో రాయించింది. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్, చెప్పిన గడువుకు లివరు, రక్తకణాల పరీక్షలు. పిల్లలు కావాలనుకునే వయసు ఆడవాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి, గర్భానికి ఆ మందు పడదు. ఇది పొట్లం మాత్రలా రెండో రోజుకు పనిచేయదు, వారాలు పడుతుంది. అక్క మధ్యలో విసుక్కుని ‘ఆ పాత మాత్రలే నయం’ అంది. బావ వినలేదు. ఇప్పుడు అంగన్‌వాడీకి నడిచే పోతోంది. కొత్త మెట్టెలు కొనుక్కుంది, కింద తెరిచి ఉండేవి, బిగిస్తే బిగుస్తాయి, సడలిస్తే సడలుతాయి.

ఆ డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. అది విన్నప్పటి నుంచి నాకు మనసు ఆగడం లేదు. రుమటాయిడ్ ఎంత అదుపులో ఉందో లెక్కగట్టడానికి ప్రపంచమంతా డాక్టర్లు 28 కీళ్లు తడిమి చూస్తారట. భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతి వేళ్లు, మోకాళ్లు. ఆ 28లో చీలమండ లేదు, పాదం కీలు ఒక్కటీ లేదు. అంటే లెక్క ప్రకారం జబ్బు తగ్గినట్టే ఉంటుంది, పాదంలో రగులుతూనే ఉండొచ్చు. అందుకని ఆమె లెక్కతో పనిలేకుండా ప్రతిసారీ చెప్పులు విప్పిస్తుందట. వేలూరులో విప్పించింది సరే, మిగతా చోట్ల ఎందరు విప్పిస్తున్నారు? రోగి కుర్చీలో కూర్చుంటాడు, కాళ్లు బల్ల కింద ఉంటాయి, మూడు నిమిషాల్లో చీటీ చేతిలో పడుతుంది. ఓపీలో జనం ఎంతమంది ఉంటారో నాకూ తెలుసు, డాక్టర్లను ఆడిపోసుకోను. కానీ కాలు నొప్పి అని వచ్చిన మనిషి కాలు చూడకుండా పంపడం మాత్రం ఎంత రద్దీ ఉన్నా సరికాదు.

షుగరు ఉన్నవాళ్ల పాదం గురించి విడిగా రాయాలి. ఇక్కడ నొప్పి ఉండటం కంటే లేకపోవడమే భయం. ఒక ఆటో డ్రైవరు వచ్చి ఎడమ పాదానికి చెప్పు పట్టడం లేదన్నాడు. పాదం మొత్తం వాచి ఎర్రగా ఉంది. నొప్పి పెద్దగా లేదన్నాడు, నవ్వుతూనే ఉన్నాడు. చేతి వెనక భాగంతో రెండు పాదాలూ తాకి చూశాను. ఎడమది జ్వరం ఒళ్లులా కాలుతోంది, కుడిది చల్లగా ఉంది. పుండు లేదు, గాయం లేదు. అమ్మలేదు, అక్కడే కూర్చోబెట్టి, వాళ్ల తమ్ముణ్ణి పిలిపించి పంపించాను. దీన్ని చార్కాట్ పాదం అంటారు. ఏళ్ల తరబడి షుగరు వల్ల పాదంలో స్పర్శ పోతుంది. లోపల ఎముకలు చిట్లుతున్నా, కీళ్లు జారుతున్నా మనిషికి తెలియదు, నడుస్తూనే ఉంటాడు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా ఏమీ కనపడకపోవచ్చు. గౌట్ అనో, ఇన్ఫెక్షన్ అనో, బెణుకు అనో పొరబడతారు. చేయాల్సిన మొదటి పని ఆ కాలు నేల మీద మోపకపోవడం. కట్టు వేసి నెలల తరబడి బరువు పడకుండా చూస్తారు. మోపుతూ తిరిగితే అరికాలి వంపు కుప్పకూలి, ఉబ్బిన చోట పుండు పడి, చివరికి కాలే పోవచ్చు.

ఈ విషయంలో మన పక్కనే పెద్ద చరిత్ర ఉంది. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్టు రోగుల చేతులు, కాళ్ల మీద పనిచేశాడు. వాళ్ల పాదాలు కుష్టు తినేయడం వల్ల కాదు, నొప్పి తెలియక దెబ్బల మీద దెబ్బలు తగలడం వల్ల పాడవుతున్నాయని చూపించాడు. స్పర్శ లేని పాదాలకు మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు వాడుకలోకి వచ్చింది వేలూరు, దాని పక్కనే కరిగిరి కుష్టు ఆస్పత్రి డాక్టర్ల పనితోనే. ఈ రోజు షుగరు వాళ్లకు మేము అమ్మే ఎంసీఆర్ చెప్పులు అవే. మన కొండ మీద మాడ వీధుల్లో చెప్పులు వేసుకోరు, నడక దారిలో కూడా చాలామంది విప్పే నడుస్తారు. స్పర్శ తగ్గినవాళ్లు మే నెలలో ఎండకు కాలిన రాతి మీద కాలు పెడితే బొబ్బలు కూడా తెలియవు. మొక్కు మొక్కే. అయినా స్పర్శ పోయిందో లేదో డాక్టరుతో చూపించుకుని మొక్కుకుంటే స్వామి కాదంటాడా?

మిగతావి గబగబా చెప్పేస్తాను. పొద్దున మొదటి అడుగుకు మడమ కింద పొడిచి, పది అడుగులయ్యాక తగ్గే నొప్పి చాలావరకు కీళ్ల జబ్బు కాదు, అరికాలి కింద పట్టీ లాంటి పొర వాపు. సాగదీసే వ్యాయామాలకు, మెత్తని మడమ ఉన్న చెప్పుకు తగ్గుతుంది. కానీ ముప్ఫై లోపు కుర్రాడికి మడమ నొప్పితోపాటు పొద్దున నడుము కూడా పట్టేసి, తిరిగితే తగ్గుతూ ఉంటే అది వెన్నెముక వాతం కావచ్చు. సోరియాసిస్ ఉన్నవాళ్లకు, లేదా ఇంట్లో ఎవరికైనా ఉంటే, ఒక కాలి వేలు మొదలు నుంచి చివర దాకా మొత్తం వాచిపోవచ్చు, గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు గుంటలు పడొచ్చు. చర్మం డాక్టరుకు చూపించేది చర్మం, ఎముకల డాక్టరుకు చూపించేది వేలు. రెండూ ఒకే జబ్బని ఎవరూ కలిపి చూడరు.

మా అంగట్లో చెప్పులు అమ్మకుండా నేను ఎవరిని పంపిస్తానో చెప్తే మీ పాఠకులకు పనికొస్తుందేమో. వాపు మూడు వారాలైనా దిగనివాళ్లను పంపిస్తాను. రెండు పాదాల్లో ఒకేచోట, ఒకేలా నొప్పి ఉన్నవాళ్లను పంపిస్తాను. పొద్దున బిగుసుకుపోయి గంటైనా సడలనివాళ్లను పంపిస్తాను. అలాంటివాళ్లు ఎముకల డాక్టరు దగ్గరికంటే ముందు జనరల్ మెడిసిన్‌కో, దొరికితే రుమటాలజిస్టుకో చూపించుకుంటే దారి దగ్గరవుతుంది. రుయాలో, స్విమ్స్‌లో ఓపీ ఉంది, ఎముకల ఆపరేషన్ దాకా వస్తే టీటీడీ వాళ్ల బర్డ్ ఉంది, చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు ఉండనే ఉంది. ఇక ఒక్క రోజు కూడా ఆగకూడనివాళ్లు మూడు రకాలు. జ్వరంతో కీలు ఎర్రబడినవాళ్లు, షుగరు ఉండి ఒక పాదం వేడిగా వాచినవాళ్లు, పడిన తర్వాత నాలుగు అడుగులు కూడా వేయలేనివాళ్లు. ఈ మూడో రకం వాళ్లు ముందు పుత్తూరు కట్టు గురించి అడుగుతారు. ఎక్స్‌రే తీయించుకోకుండా ఏ కట్టూ వద్దని నా మాట.

చెప్పుల మాట కూడా అయిపోనివ్వండి. మెత్తగా, నొక్కితే బొటనవేలు దిగబడిపోయే స్పాంజి చెప్పు వాతం పాదానికి మంచిదనుకోవడం పెద్ద భ్రమ. అరిగిన బొటనవేలికి కావాల్సింది మధ్యలో మడవడానికి వీల్లేని గట్టి సోలు, ముందు భాగం కాస్త పైకి లేచి ఉండేది. అప్పుడు వేలు వంగకుండానే అడుగు దొర్లిపోతుంది. రుమటాయిడ్ పాదానికి ముందు వెడల్పు, లోతు కావాలి, వెనక మడమను పట్టి ఉంచే పట్టీ కావాలి. వేళ్లతో పట్టుకుని నడవాల్సిన హవాయి చెప్పులు, ఉంగరం చెప్పులు ఈ పాదాలకు వద్దు. చేతి వేళ్లు కూడా పట్టు తప్పినవాళ్లకు బకిల్ బదులు వెల్క్రో మేలు. సాయంత్రం పూట వచ్చి కొనండి, పొద్దున్నకంటే పాదం అప్పుడు కాస్త పెద్దదిగా ఉంటుంది. ఇంట్లో గ్రానైటు, టైల్స్ మీద వట్టి కాళ్లతో తిరిగేవాళ్లు ఇంటి వరకు వేరే జత పెట్టుకోవాలి. చెప్పులేసుకుని వంటింట్లోకా అంటారు అత్తగార్లు. బయటికి వేయని జతకు మైల ఎక్కడిది?

మందుల అంగళ్లలో చీటీ లేకుండా నొప్పి మాత్రలు నెలల తరబడి కొని మింగడం గురించి మీ పత్రికలో చాలాసార్లు వచ్చింది కాబట్టి కిడ్నీలు, కడుపులో పుండ్ల సంగతి మళ్లీ రాయను. కాలు నొప్పి వాళ్లే ఎక్కువగా అలా కొంటున్నారని మాత్రం చెప్పగలను. నా అంగడి పక్కనే మందుల అంగడి ఉంది.

నా విన్నపాలు చిన్నవే. ఓపీ చీటీ రాసే చోట ‘కాలు నొప్పి’ అని రాసినప్పుడు రోగిని చెప్పులు, సాక్సులు విప్పి కూర్చోమని చెప్పే నర్సమ్మ ఉంటే చాలు, డాక్టరు కళ్లు వాటంతట అవే అటు పోతాయి. పాదం ఎక్స్‌రే వీలైనచోటల్లా నిలబెట్టి తీయాలి. పడుకున్న పాదం మీద బరువు ఉండదు, జారిన కీలు దాంట్లో కనపడదు. షుగరు పరీక్షా శిబిరాలు పెట్టినప్పుడు వేలికి సూది గుచ్చి పంపేయకుండా పాదాల స్పర్శ కూడా చూడాలి, దానికి కావాల్సింది సన్నని నైలాన్ పోగు ఒక్కటే. ఎంసీఆర్ చెప్పులు స్పర్శ లేని పేదవాళ్లకు సర్కారు ఆస్పత్రిలోనే ఇవ్వాలి, నా అమ్మకం తగ్గినా ఫర్వాలేదు. మీరు మీ వంతుగా ఒక ఆదివారం పేజీ మొత్తం పాదానికి కేటాయించి, రుమటాలజిస్టుతో, ఎముకల డాక్టరుతో, షుగరు డాక్టరుతో పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాయించండి. ఆ పేజీ కత్తిరించి అంగట్లో గోడకు అంటిస్తాను.

ఇట్లు,
చెప్పుల అంగడి యజమాని,
లీలామహల్ సర్కిల్ దగ్గర, తిరుపతి.

తా.క.: డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు రోజూ వేసుకునే పాత జత వేసుకుని పోండి, కొత్తవి వద్దు. సోలు తిప్పి చూపించండి. ఇంకొకటి, అరికాలి కింద బొడిపెలు పొడుచుకునే అక్యుప్రెజర్ చెప్పులు ఉన్నాయా అని చాలామంది అడుగుతున్నారు. షుగరు వాళ్లకు, రుమటాయిడ్ వాళ్లకు అవి నేను అమ్మను. బయట ఎక్కడైనా దొరుకుతాయి, కొనొద్దు.